తొట్టిలో గడ్డిపోచ

శ్రోతలకు నమస్కారం.

నవంబరు ఆఖరుకి వచ్చేసరికి మన హైదరాబాదులోని చాలా కాథలిక్ బడుల్లో, ఆఫీసు గది ముందు వరండాలో ఒక చిన్న చెక్క తొట్టి పెడతారు. అడుగున్నర పొడవు, పది అంగుళాల వెడల్పు. లోపల ఏమీ ఉండదు. పక్కనే ఒక బుట్టలో జానెడు జానెడు కత్తిరించిన వరిగడ్డి. ఎవరికైనా ఒక మంచి పని చేసిన పిల్లవాడు వచ్చి ఒక్క గడ్డిపోచ తీసి తొట్టిలో వేసి వెళ్తాడు. పేరు రాయక్కర్లేదు, ఏం చేశావని ఎవరూ అడగరు. సెలవులిచ్చే రోజుకి బాలయేసును పడుకోబెట్టడానికి ఆ గడ్డే పరుపు.

క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని కాథలికులు ఆగమన కాలం అంటారు. మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య పడుతుంది. ఆ మర్నాడు సోమవారం అసెంబ్లీలో తొట్టి సంగతి పిల్లలకు చెబుతారు. చూడ్డానికి చిన్న పనే, కానీ చెడిపోయేది కూడా ఇక్కడే. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు గుప్పెళ్లకు గుప్పెళ్లు వేసేస్తే మూడు రోజుల్లో తొట్టి నిండిపోతుంది. అందుకని బుట్టలో ఏ రోజు గడ్డి ఆ రోజుకే కొంచెం కొంచెం పెట్టాలి. టీచరు తొట్టి పక్కన నిలబడకూడదు. నిలబడితే పిల్లలు టీచరు చూడాలనే వేస్తారు. అన్నిటికన్నా పెద్ద పొరపాటు తరగతుల మధ్య పోటీ పెట్టడం. ఏ తరగతి ఎక్కువ పోచలు వేసిందని లెక్క మొదలైన రోజే ఆ తొట్టికి అర్థం పోయినట్టు.

హైదరాబాదు, సికింద్రాబాదుల్లో ఈ బడులు ఇవాళ్టివి కావు. గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ 1855లో మొదలైంది. సికింద్రాబాదు సెయింట్ ఆన్స్ 1871 నాటిది. సికింద్రాబాదులో 1850లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చికి 2008లో బసిలికా హోదా, అంటే పోప్ ఇచ్చే ప్రత్యేక గౌరవం, వచ్చింది. ఈ బడుల్లో చదివే పిల్లల్లో చాలామంది క్రైస్తవులు కారు. దసరా సెలవులకు ముందు ఇదే మైదానంలో తంగేడు పువ్వు, గునుగు పువ్వు పేర్చి బతుకమ్మ ఆడతారు. కాథలిక్ పిల్లలు తమ మతబోధన జరిగే సత్యోపదేశం క్లాసుకి వెళ్లే గంటలో మిగతావాళ్లకు నీతిపాఠం జరుగుతుంది. తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మతబోధనకు హాజరు కావాలని ఏ పిల్లవాణ్నీ బలవంతం చేయకూడదు, మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి అని మన రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడో ఉపనిబంధన చెబుతుంది. క్రిస్మస్‌కి యేసు పుట్టిన పశువుల పాకను బడిలో కట్టడంలో, నక్షత్రం చేయడంలో చేరేది ఇష్టమున్నవాళ్లే. ఇష్టం లేని పిల్లవాడు లైబ్రరీలో కూర్చున్నా వాణ్ని ఎవరూ వేరుగా చూడకుండా చూసుకోవడం టీచరు పని.

ఇక పాక దగ్గరికి వద్దాం. పశువుల పాకను ఇలా కట్టి చూపడం ఇటలీలో అస్సీసి పునీత ఫ్రాన్సిస్‌తో ప్రసిద్ధికెక్కింది. 1223లో గ్రెచో అనే ఊళ్లో ఆయన గడ్డి పరిచిన తొట్టి పెట్టించి, నిజమైన ఎద్దునీ గాడిదనీ తెచ్చి నిలబెట్టించాడు. చదువురాని జనానికి కూడా యేసు పుట్టిన రాత్రి పేదరికం కళ్లకు కట్టాలన్నది ఆయన కోరిక. కాబట్టి బడిలో కట్టే పాక మెరిసిపోనక్కర్లేదు, పాకలా ఉంటే చాలు.

కొలతలు చెబుతాం, రాసుకోండి. ఎనిమిది అడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు. ముందు గుంజలు ఆరడుగులు, వెనక గుంజలు నాలుగున్నర. కప్పు వెనక్కి వాలుగా ఉండాలి. గుంజలకు సరుగుడు కర్రలు, పైన వెదురు బొంగులు, కట్టడానికి కొబ్బరి తాడు. వానాకాలం వరి కోతలు అయ్యే సమయం కాబట్టి మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి కొత్త గడ్డి దొరుకుతుంది. కొత్త గడ్డిలో తడి ఉంటుంది. తెచ్చిన రోజే కప్పేస్తే నాలుగో రోజుకి లోపల నల్లబడి ముక్కవాసన కొడుతుంది. రెండు రోజులు మైదానంలో పల్చగా పరిచి ఎండబెట్టాలి, సాయంత్రం మంచు పడకముందే లోపల పెట్టాలి. కప్పేటప్పుడు ఇంటి కప్పు నేసినట్టే కింది వరుస ముందు, పై వరుస తర్వాత. డిసెంబరులో తుఫాను గాలికి రెండు చినుకులు పడినా నీళ్లు జారిపోతాయి.

పాక చుట్టూ పచ్చిక కావాలి. ప్లాస్టిక్ గడ్డి చాప కొని పరిచేయడం తేలికే, కానీ పిల్లలు రోజూ వంగి చూసేది మొలకెత్తే గోధుమనే. డిసెంబరు 22కి పచ్చగా ఉండాలంటే 12న విత్తాలి. గోధుమలు ముందురోజు రాత్రంతా నానబెట్టి, అడుగున చిల్లులున్న ట్రేల్లో రెండంగుళాల మట్టి వేసి, గింజ పక్కన గింజ తగిలేలా పరచాలి. గింజ మీద గింజ పడకూడదు, పడితే అక్కడే బూజు పడుతుంది. రెండు రోజులు తడి గోనెపట్టా కప్పి, తర్వాత తీసి వెలుతురులో పెట్టాలి. నీళ్లు చేత్తో చిలకరించాలి, చెంబుతో పోయకూడదు. చలి ముదిరితే ఇంకో రెండు రోజులు ఎక్కువ పడుతుంది. ఈ పని బంజారా పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. తీజ్ పండుగకు తండాల్లో ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచేది ఇలాగే. ఆ పిల్లల చేతికే పచ్చిక అప్పగిస్తే మిగతావాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకుంటారు.

కొండలకు పాత పేపర్లు, మైదా జిగురు. ఒక గ్లాసు మైదాకు నాలుగు గ్లాసుల నీళ్లు, ఉండ కట్టకుండా కలుపుతూ సన్న సెగ మీద ఉడికించాలి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్నచోట వద్దే వద్దు. ఎలుకల భయముంటే ఏ రోజు జిగురు ఆ రోజే వాడి, పేపరు పూర్తిగా ఆరేదాకా ఎండలో ఉంచండి.

ఇప్పుడు నక్షత్రం. వెదురు బద్దలు పది, అన్నీ సరిగ్గా మూడేసి అడుగులు. ఐదు బద్దలతో ఒక నక్షత్రం: ఒకటి పైన, ఒకటి కింద వచ్చేలా అల్లి, ఐదు కొనలూ, లోపల బద్దలు దాటుకునే ఐదు చోట్లా పురికొసతో కట్టాలి. ఇలాంటివి రెండు. ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ జంటగా బిగించాలి. తర్వాత లోపలి ఐదు కూడళ్ల దగ్గర, రెండు నక్షత్రాల మధ్య ఆరంగుళాల పుల్లలు ఐదు నిలబెట్టాలి. పుల్ల రెండు చివరలా గాడి కొయ్యాలి, లేకపోతే జారిపోతుంది. పుల్లలు నిలిచేసరికి నక్షత్రం రెండు వైపులా ఉబ్బి నిండుగా కనిపిస్తుంది. మూలలు ఒంకరపోయాయంటే ఒక బద్ద అర అంగుళం పొడవో పొట్టో అయి ఉంటుంది, విప్పి కొలవడం తప్ప మార్గం లేదు. బద్దలు గంటసేపు నీళ్లలో నానబెడితే వంచేటప్పుడు విరగవు. కాగితానికి ఎక్కడికో పోనక్కర్లేదు. సంక్రాంతి దగ్గర పడుతోంది కదా, ధూల్‌పేటలో పతంగుల కాగితం ఏ రంగు కావాలంటే ఆ రంగు దొరుకుతుంది. జిగురు పల్చగా రాసి, నీడలో ఆరబెట్టాలి. వెనక ఒక గడి అంటించకుండా వదిలితే బల్బు పెట్టడానికి దారి ఉంటుంది. ఐదు వాట్ల ఎల్‌ఈడీ చాలు. పాతకాలపు 60 వాట్ల బల్బు పెడితే వేడికి కాగితం మాడి అంటుకునే ప్రమాదముంది. నక్షత్రం బరువు తాడు మీద పడాలి, కరెంటు వైరు మీద కాదు.

పాకలో కొవ్వొత్తి ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించకూడదు. అది ఎండుగడ్డి అని మరిచిపోవద్దు. సీరియల్ లైట్ల జాయింటు ఏదీ గడ్డి కింద ఉండకూడదు, టేపు చుట్టి బయటికి కనిపించాలి. రెండు బకెట్ల ఇసుక, ఒక మంటలార్పే సిలిండరు పక్కనే. సాయంత్రం స్విచ్ ఆపేది ఎవరో పేరు పెట్టి రాసి ఉండాలి. అందరి పని అంటే ఎవరూ ఆపరు.

ఇదంతా చేసేది ముప్ఫై మంది పిల్లలు. పదో తరగతి వాళ్లకు మార్చిలో పరీక్షలు కాబట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి తీసుకుంటారు. గడ్డి, కొండ, పచ్చిక, నక్షత్రం, దీపాలు, లెక్కలు అని ఆరు జట్లు, జట్టుకి ఐదుగురు. రెడ్, బ్లూ, గ్రీన్, ఎల్లో అని నాలుగు హౌసులు ఎలాగూ ఉన్నాయి కదా, హౌసుకో పని ఇచ్చేస్తే పోలా అంటారు. అప్పుడది మళ్లీ పోటీ అవుతుంది. ప్రతి జట్టులోనూ అన్ని హౌసుల వాళ్లూ, అన్ని తరగతుల వాళ్లూ కలిసుండాలి. లెక్కల జట్టు ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతి రూపాయీ రాస్తుంది, ప్రతి రసీదూ అతికిస్తుంది. కొబ్బరి తాడు దగ్గర బేరం ఆడేది కూడా వాళ్లే, టీచరు వెనక నిలబడితే చాలు. ఈమధ్య కొన్నిచోట్ల ఈ పనంతా ఈవెంటు వాళ్లకు అప్పగిస్తున్నారు. ఒక్క రోజులో థర్మకోల్ పాక వచ్చేస్తుంది, ఫొటోల్లో బాగుంటుంది. కానీ ఒక బద్ద కొలవడం, ఒక ముడి వేయడం, పక్క తరగతి పిల్లవాడితో సర్దుకుపోవడం ఏ పిల్లవాడికీ రాకుండా పోతాయి. ఇది మాకు నిజంగా బాధ కలిగించే విషయం. దయచేసి అలా చేయకండి.

ఆగమన కాలంలోనే, లేనివాళ్ల కోసం పిల్లలు ఇంటి నుంచి పిడికెడేసి బియ్యం తెచ్చే సేకరణ కూడా జరుగుతుంది. చిన్నపిల్లల పిడికిట్లో తూచి చూస్తే 30, 40 గ్రాములు ఉంటాయి. నలభై మంది ఉన్న తరగతి నుంచి రోజుకి కిలోన్నర దాకా. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, బాస్మతి అన్నీ ఒకే సంచిలో కలిస్తే వండేవాళ్ల పాట్లు చెప్పనలవి కావు. సగం మెత్తబడేసరికి సగం పలుకుగానే ఉంటుంది. అందుకని సన్నాలకొకటి, దొడ్డుకొకటి, రెండు గోనెసంచులు పెట్టాలి. వేపాకు వేసి, వారం తిరక్కుండా చేర్చాల్సిన చోటికి చేర్చాలి.

సికింద్రాబాదులో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే సన్యాసినులు నడిపే వృద్ధాశ్రమం లాంటి చోట్లకు పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు ముందు ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. బియ్యం, బిస్కెట్లు అందరూ ఇస్తారు. బట్టల సబ్బు, ఫినాయిల్, పెద్దవాళ్ల డైపర్లు తక్కువ పడుతుంటాయి. ఒకసారికి పాతికమందికి మించి పిల్లలు వద్దు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్లు నడుం వాల్చే వేళ వెళ్లకూడదు. పదిన్నర, పదకొండు గంటలు మంచి సమయం. ఒక్కో పెద్దాయన దగ్గర, ఒక్కో అమ్మమ్మ దగ్గర ఇద్దరేసి పిల్లలు కూర్చోవాలి. "తాతా, మీ ఊరేది?" అని ఒక్క మాట అడిగితే చాలు, మిగతాది ఆయనే చెబుతాడు. ఫోన్లు బస్సులోనే ఉండాలి.

సెలవులిచ్చే రోజు కార్యక్రమంలో పాటలుంటాయి, చిన్న నాటకం ఉంటుంది. వాటి గురించి అందరికీ తెలిసిందే. మరియమాత, ఆమె భర్త జోజప్ప, కాపరులు, గొర్రెల బొమ్మలు అప్పటికే పాకలో ఉంటాయి. తొట్టి మాత్రం ఆ రోజే వరండా నుంచి పాకలోకి వస్తుంది, బడిలో అందరికన్నా చిన్న పిల్లో పిల్లవాడో బాలయేసును అందులో పడుకోబెడతారు. బాలయేసును చూడ్డానికి తూర్పు నుంచి వచ్చిన ముగ్గురు జ్ఞానులు మాత్రం ఇంకా దూరంగానే ఉంటారు. వరండా అవతలి చివర వాళ్లని నిలబెట్టి, సెలవుల తర్వాత బడి తెరిచాక రోజుకి రెండడుగులు జరుపుతారు. జ్ఞానులు బాలయేసు దగ్గరికి చేరినందుకు గుర్తుగా, సంప్రదాయంగా జనవరి 6న వచ్చే సాక్షాత్కార పండుగ మన దేశంలో దగ్గరి ఆదివారం జరుపుతారు కాబట్టి, ఆ ఆదివారం తేదీ చూసుకుని అడుగులు లెక్క వేసుకోవాలి.

విప్పేటప్పుడు కూడా అదే ముప్ఫై మంది ఉండాలి. గడ్డి దగ్గర్లోని పశువులకు పంపేముందు అందులో దారప్పోగులు, తీగముక్కలు లేకుండా ఏరాలి. ఆవు కడుపులోకి తీగ పోతే ప్రాణం మీదికి వస్తుంది. లైట్లను అట్టముక్కకు చుట్టాలి, ఉండ చేసి పడేస్తే వచ్చే ఏడు సగం వెలగవు. బొమ్మలు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌వి, తడిగుడ్డ తగిలితే రంగు లేచిపోతుంది. పొడి కుంచెతో దులిపి, ఒక్కొక్కటీ పేపర్లో చుట్టి, పెట్టెలో పెట్టి, పైన జాబితా అంటించాలి. మరియమాత 1, జోజప్ప 1, కాపరులు 3, జ్ఞానులు 3, ఒంటె 1, గొర్రెలు 6, వాటిలో ఒకదానికి ఎడమ చెవి లేదు, వెతికాం, దొరకలేదు.