పెట్టె చెప్పే యజమాని కథ

అందరికీ నమస్కారం.

పాత తుపాకులు అమ్మకానికి వచ్చిన చోట అందరి చూపూ తుపాకీ మీదే ఉంటుంది. దాని చెక్కపెట్టెను పక్కకు నెట్టేస్తారు. కొందరైతే విడదీసి, పెట్టెను వేరే ఎవరికో అమ్మేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే. తుపాకీని ఎవరు చేశారో ఆ తుపాకీ మీదే రాసి ఉంటుంది. అది ఎవరి కోసం చేసిందో మాత్రం చాలాసార్లు పెట్టెను చూస్తేనే తెలుస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దపు లండన్ పెట్టెనే తీసుకుందాం. పైన ఓక్ లేదా మహాగని, మూలలకు ఇత్తడి, లోపల ఎక్కువగా ఆకుపచ్చ ఊలు గుడ్డ. తుపాకీకి, తుపాకీమందు సీసాకు, గుండ్ల అచ్చుకు, నూనె సీసాకు దేని అర దానికే. మూత మధ్యలో చిన్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. మొదటి యజమాని కోసం వెతకడం అక్కడే మొదలవుతుంది. ఆ బిళ్ల మీద పొడి అక్షరాలో, వంశచిహ్నమో, ఒక్కోసారి హోదాతో సహా పూర్తి పేరో చెక్కి ఉంటాయి.

ఆ హోదాను తేలిగ్గా తీసుకోకండి. అప్పటి బ్రిటిష్ సైన్యాధికారులు తమ పిస్టల్ తామే కొనుక్కునేవారు. అందుకే వాళ్ల పేర్లు పెట్టెల మీద కనిపిస్తాయి. ఒక మనిషి కెప్టెన్‌గా ఉండేది కొన్నేళ్లే. ప్రమోషన్లు బ్రిటిష్ ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్‌లో అచ్చయ్యేవి, అధికారుల పేర్లు ఆర్మీ లిస్టులో ఉండేవి. బిళ్ల మీది హోదాను వాటితో సరిపోల్చితే, ఆ అక్షరాలు ఏ ఏళ్ల మధ్య చెక్కించారో దాదాపుగా తెలిసిపోతుంది. అయితే ఆ పేరు రెండో యజమానిది కూడా కావచ్చు. పాత అక్షరాలు అరగదీసి కొత్తవి చెక్కించడం ఉన్న పనే. బిళ్ల మధ్యలో పల్చబడిందా, మేకుల చుట్టూ గీతలు పడ్డాయా అని చూడాలి.

మూత లోపలి లేబుల్ మరో సాక్షి. దాని మీద దుకాణం చిరునామా ఉంటుంది. 1814లో వ్యాపారం మొదలుపెట్టిన లండన్ తుపాకుల తయారీదారు జేమ్స్ పర్డీ 1826లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కు మారాడు. ఆ సంస్థ 1880ల మొదట్లో సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌కు వెళ్లింది. లేబుల్ మీద ఏ వీధి ఉందన్నదాన్ని బట్టి కాలం అంచనా వేయొచ్చు. తుపాకీ నంబరు కూడా ఉండి, తయారీదారు పాత పద్దు పుస్తకాలు మిగిలి ఉంటే, మొదట కొన్న మనిషి పేరే దొరకవచ్చు. కానీ లేబుల్ ఒక్కదాన్నే నమ్మకూడదు, అది తర్వాత అతికించింది కావచ్చు. అరలు తుపాకీకి సరిపోయాయా, గుడ్డ మీద ఏళ్ల తరబడి పడ్డ అచ్చు ఆ తుపాకీదేనా అన్నది నాకు అంతకన్నా గట్టి రుజువు.

సొంతదారు ఎంత సులువుగా మరుగున పడతాడో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1804 జూలై 11న అమెరికాలో, న్యూజెర్సీలోని వీహాకెన్‌లో, ఆ దేశపు మాజీ ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్, అప్పటి ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ ద్వంద్వయుద్ధం చేశారు. మర్నాడు హామిల్టన్ చనిపోయాడు. లండన్‌కు చెందిన వోగ్డన్ అండ్ బార్టన్ చేసిన ఆ జత పిస్టళ్లు అప్పుడు జాన్ బార్కర్ చర్చ్‌వి. హామిల్టన్ భార్యకు అక్క అయిన ఏంజెలికాకు ఆయన భర్త. లోకం మాత్రం వాటిని హామిల్టన్, బర్ పేర్లతోనే గుర్తుపెట్టుకుంది. చరిత్రలో పెద్ద పేరు వచ్చి పడితే అసలు సొంతదారు ఇలా వెనక్కి పోతాడు. ఆ పేరు నిలబడాలంటే బిళ్లలు, లేబుళ్లు, పద్దులు చెడకుండా ఉండాలి.

అందుకే పెట్టె ఉన్నవాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను. కొత్త పాలిష్ వేయించకండి. చిరిగిన గుడ్డ పీకి కొత్తది వేయించకండి. బిళ్లను తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. ఓక్ పెట్టె అయితే ఇంకో జాగ్రత్త ఉంది. ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం గుండ్లు తెల్లటి పొడిగా మారిపోతాయి. వాటిని బయటకు తీసి వేరే భద్రపరచండి. తీసే ముందు ప్రతి అరనూ ఫొటో తీసి, ఏ వస్తువు ఎక్కడ ఉండేదో రాసిపెట్టండి. ఆ కాగితాన్ని పెట్టెతోనే ఉంచండి, పెట్టె చేతులు మారితే అదీ వెంట వెళ్లాలి.