కట్లపాము పేరులో బంగారం ఎక్కడిది?

నమస్తే! ఈరోజు కట్లపాము గురించి, అందులోనూ ముఖ్యంగా దాని పేరు గురించి. మా నల్గొండ పల్లెల్లో రాత్రిపూట పాము అనే మాటే నోట్లోంచి రాదు, పురుగు అంటారు. ఎవరినైనా కాటేస్తే పురుగు ముట్టింది అంటారు. సైన్సు పుస్తకంలో మాత్రం దాని పేరు బంగారస్ సెరూలియస్. సెరూలియస్ అంటే లాటిన్‌లో నీలం, సరే, కానీ ఆ బంగారస్ లాటిన్ కాదు, అచ్చంగా మన బంగారమే!

ఎట్లా అంటే, పాట్రిక్ రస్సెల్ అని ఒక స్కాట్లాండ్ డాక్టరు 1780లలో ఈస్ట్ ఇండియా కంపెనీ కాలంలో విశాఖపట్నం వచ్చాడు. పాములు తెప్పించుకుని, వాటిని అక్కడివాళ్లు ఏమంటారో అడిగి, ఆ తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని 1796లో బొమ్మలతో పుస్తకం వేశాడు. అందులో పసుపు, నలుపు పట్టీలున్న ఒక పాము పేరు బంగారు పాము. 1803లో డోడాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ మాటనే పట్టుకుని ఆ రకం పాములన్నిటికీ కలిపి బంగారస్ అని పెట్టేశాడు. మన చేలల్లో తిరిగేదేమో నలుపు, పైన సన్నటి తెల్ల గీతలు. దానికీ బంగారానికీ ఏం సంబంధం? నాకైతే కట్లపాము అన్న పేరే నచ్చుతుంది, చూసినోళ్లు చూసినట్టు పెట్టారు. అయినా ఆ కట్లను మరీ నమ్మొద్దు, తల వైపు చాలాసార్లు మాసిపోయి ఉంటాయి.

రక్తపింజరిది ఇంకో కథ. రస్సెల్ పుస్తకంలో దాని పేరు కాటుక రేకుల పొడ. పొడ అంటే మచ్చ, వీపు మీది మచ్చలను చూసి ఎవరు పెట్టారో గానీ ఎంత ముద్దుగా పెట్టారు! లోకం మాత్రం రస్సెల్స్ వైపర్ అంటుంది. పేరు చెప్పినోళ్లు ఎటో పోయారు, రాసుకున్న దొర మిగిలాడు, ఏం చేస్తాం.

ఇక ఆస్పత్రిలో ఈ పేర్ల గొడవతో పెద్దగా పని లేదు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండవు, కింద పడుకున్నోళ్లు ఒక్కోసారి తెల్లారి కడుపునొప్పితో లేస్తారు, కనురెప్పలు వాలిపోతుంటాయి. మన దగ్గర ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ నాగుబాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒక్కటే. కరిచింది ఏ పామో తేల్చాలని కట్టెలు పట్టుకుని వెతకొద్దు, మనిషిని ముందు బండెక్కించండి.