చుట్టాలొచ్చినా మనకో గది మిగలాలి: తిరుపతిలో ఇంట్రోవర్ట్‌లకు ఈ అద్దె పోర్షన్ ఎలా ఉంది?

నమస్తే అండీ. తిరుపతిలో అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్ళ కోసం చేసే వీడియోల్లో ఇది కొంచెం వేరే రకం. మామూలుగా నీళ్ళు ఎట్లా వస్తాయి, బండి పెట్టుకునే చోటుందా, బస్టాండుకు ఎంత దూరం, ఇవే చూస్తాం కదా. ఈ రోజు వాటిని త్వరగా దాటేసి, ఒక్క విషయం పట్టుకుని ఇల్లంతా తిరుగుదాం. నలుగురిలో ఎక్కువసేపు ఉంటే అలిసిపోయి, ఇంటికొచ్చి తలుపేసుకుంటే గానీ మళ్ళీ ఓపిక రాని మనిషికి ఈ ఇల్లు పనికొస్తుందా? నేనూ ఆ రకం మనిషినే. ఇలాంటి రివ్యూ ఒకటి చెయ్యమని అడిగేవాళ్ళు కూడా చాలామందే ఉన్నారు.

ముందు ఒక చిన్న మాట. ఇంట్రోవర్ట్ అనగానే సిగ్గరి అనో, మనుషులంటే పడని మనిషి అనో అనేస్తారు. సిగ్గు అంటే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అనే భయం. ఇంట్రోవర్ట్‌కి ఆ భయం ఉండాల్సిన పని లేదు. పెళ్ళిలో అందరితో హాయిగా మాట్లాడి, వడ్డించి, నవ్వించి వస్తారు. కానీ వచ్చాక కాసేపు ఎవరూ పలకరించకుండా ఉండాలి. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో రాసిన పుస్తకంతో ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. 1984లో రస్సెల్ గీన్ అనే పరిశోధకుడు ఒక ప్రయోగం చేశారు. పని చేసుకుంటూ ఎంత సౌండు కావాలో మీరే పెట్టుకోండి అంటే, ఇంట్రోవర్ట్‌లు తక్కువ పెట్టుకున్నారు, నలుగురిలో ఉంటేనే హుషారొచ్చే రెండో రకం వాళ్ళు, అంటే ఎక్స్‌ట్రోవర్ట్‌లు, ఎక్కువ పెట్టుకున్నారు. ఎవరి సౌండు వాళ్ళకున్నంతసేపు ఇద్దరూ పని బాగానే చేశారు. ఒకరి సౌండు ఇంకొకరికి పెట్టేసరికి పని దెబ్బతింది. ఇంట్లో "టీవీ కొంచెం తగ్గించండి" అని అడిగితే "నీకు అన్నీ ఎక్కువే" అంటారు చూడండి, అలా అనేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

సరే, ఇంట్లోకి వెళ్దాం. ఇది బైరాగిపట్టెడలో, మెయిన్ రోడ్డుకి కాస్త లోపలగా ఉంది. కింద ఓనరు వాళ్ళు, పైన ఈ పోర్షన్. ఒక హాలు, వంటగది, ఒక బెడ్‌రూమ్, బాత్‌రూమ్, ముందర చిన్న వసారా. అద్దె తొమ్మిది వేలు, మూడు నెలల అడ్వాన్స్. నీళ్ళకి ఇబ్బంది లేదు, బండి గేటు లోపల పెట్టుకోవచ్చు. వీటి గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

మెట్లు చూడండి. బయట నుంచే పైకి వచ్చేస్తాయి. ఇది నాకు బాగా నచ్చింది. కొన్ని ఇళ్ళల్లో ఓనరు వాళ్ళ హాలు దాటుకునే పైకెక్కాలి. వాళ్ళు ఎంత మంచివాళ్ళైనా సరే, పొద్దున పాల ప్యాకెట్ తేవడానికి దిగినా ఒకసారి నవ్వాలి, "టిఫిన్ అయిందా" అనే దానికి జవాబు చెప్పాలి. ఆఫీసులో పది మందితో మాట్లాడి వచ్చిన సాయంత్రం, ఆ ఒక్క పలకరింపు కూడా బరువుగానే ఉంటుంది. ఇక్కడ గేటు తీస్తే నేరుగా మన మెట్లే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తిరుపతిలో ఇల్లు తీసుకుంటున్నామంటే మనం ఒక్కరమే ఉండబోతున్నామని ఎవరూ అనుకోకండి. మూడు వందల రూపాయల దర్శనం టికెట్ ఆన్‌లైన్‌లో దొరికిన రోజే మనకు ఫోన్ వస్తుంది. మదనపల్లె నుంచి పిన్నమ్మ వాళ్ళు వస్తారు, చెన్నై నుంచి మామ వాళ్ళు వస్తారు, మామ వాళ్ళ పక్కింటివాళ్ళు కూడా వాళ్ళతోపాటే వస్తారు. టికెట్ లేనివాళ్ళయితే టోకెన్ల కోసం రాత్రి రెండింటికే లేచి శ్రీనివాసానికో, భూదేవి కాంప్లెక్సుకో బయల్దేరతారు. అలిపిరి మెట్లెక్కేవాళ్ళు బ్యాగులు మన దగ్గర పెట్టి పోతారు. మూడు వేల అయిదు వందల యాభై మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, గుండుతో, లడ్డూలతో దిగొచ్చి హాల్లో చాపేసుకుని పడుకుంటారు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి, ఎండాకాలం సెలవులకి ఇది మామూలే.

వాళ్ళు రావాలి. నేను రావద్దనే మనిషిని కాను. కొండకొచ్చినవాళ్ళకి ఒక పూట అన్నం పెట్టడం నాకు ఎంతో ఇష్టం. అందుకే ఏ ఇల్లు చూసినా నేను ముందు అడిగేది ఇదే: హాల్లో అయిదుగురు చుట్టాలున్న రాత్రి, ఎవరినీ నొప్పించకుండా నేను వెళ్ళి కూర్చోవడానికి ఒక చోటు ఇక్కడ ఉంటుందా?

ఆ లెక్కన బెడ్‌రూమ్ చూద్దాం. కెమెరా ఇటు తిప్పుతాను. ఇదిగో బెడ్‌రూమ్ తలుపు, ఇది వంటగదికి వెళ్ళే చిన్న నడవ, బాత్‌రూమ్ తలుపు ఈ నడవలోనే ఉంది. అంటే హాల్లో పడుకున్నవాళ్ళని దాటకుండా బాత్‌రూమ్‌కి వెళ్ళి రావచ్చు. చాలామందికి ఇది చిన్న విషయం. అర్ధరాత్రి చాపల మధ్య కాళ్ళు చూసుకుంటూ నడిచి, లేచినవాళ్ళతో "ఏం నిద్ర పట్టలేదా" అనిపించుకుని వచ్చినవాళ్ళకి మాత్రం దీని విలువ తెలుసు. అటాచ్డ్ బాత్‌రూమ్ అయితే ఇంకా మంచిది. ఈ బడ్జెట్‌లో దొరకనప్పుడు ఇలాంటి నడవైనా ఉందేమో చూడండి.

తలుపు దగ్గరికి రండి. బయటివైపు తాళం వేసుకునే గొళ్ళెం గట్టిగా ఉంది. లోపలి గడియ చూడండి. ఇనుప గడియ, దాని మీద రెండు మూడు పూతల పెయింటు పడింది. తోస్తే సగం వరకే పోతోంది. చట్రంలో కన్నం ఒకచోట ఉంది, గడియ కొస ఇంకోచోట ఉంది. వానకో ఏమో చెక్క ఉబ్బి తలుపు కిందికి దిగింది. అంటే ఈ తలుపు మూస్తాం గానీ, వేసుకోలేం. ఓనరక్కని అడిగితే, "ఒక్కరే ఉండేదానికి లోపల గడియ ఎందుకు?" అన్నారు. ఆమె అడిగిందాంట్లో తప్పేం లేదు, అందరూ అదే అడుగుతారు. చుట్టాలొచ్చినప్పుడు కావాలక్కా అన్నాను. నవ్వి, వడ్రంగిని పిలిపిస్తానన్నారు.

గడియ గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, మనుషులకి ఏకాంతం ఎట్లా పనిచేస్తుందో ఇర్విన్ ఆల్ట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో చాలా చక్కగా వివరించారు. ఆయన లెక్కలో ఏకాంతం అంటే జనాన్ని దూరం పెట్టడం ఒక్కటే కాదు. ఎప్పుడు కలవాలో, ఎప్పుడు విడిగా ఉండాలో అది మన చేతిలో ఉండాలి. ఏ క్షణాన ఎవరు తలుపు తోస్తారో తెలియని గదిలో ఒంటరిగా కూర్చున్నా సరే, చెవి తలుపు మీదే ఉంటుంది, విశ్రాంతి దొరకదు. గడియ పడిందంటే అరగంట చాలు. మళ్ళీ మనమే తీసుకుని బయటికొచ్చి, అందరితో కూర్చుని కాఫీ తాగుతాం.

తర్వాత శబ్దం. మన దేశంలో 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఫోన్‌లో యాప్ పెట్టి చూడొచ్చు. ఆ అంకె అంత కచ్చితంగా ఉండదు, కానీ తలుపు తీసినప్పటికీ వేసినప్పటికీ తేడా ఎంతో తెలుస్తుంది. ఇక్కడ ఆ తేడా చాలా తక్కువ వచ్చింది. ఎందుకో చూపిస్తాను. బెడ్‌రూమ్‌లో లైటు ఆర్పి, హాల్లో లైటు వేశాను. తలుపు కింద ఈ వెలుతురు గీత కనబడుతోందా? బొటనవేలు దూరేంత సందు. గాలీ వెలుతురూ దూరే చోట శబ్దమూ దూరుతుంది. గోడ ఎంత మందంగా ఉన్నా ఈ సందు ఉంటే లాభం లేదు. హార్డ్‌వేర్ షాపులో తలుపు అడుగున బిగించే రబ్బరు పట్టీ దొరుకుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

హాలుకీ బెడ్‌రూమ్‌కీ మధ్య గోడ నాలుగున్నర అంగుళాలది. బయటి గోడలు తొమ్మిది అంగుళాలు. గోడ బరువు రెట్టింపైతే దాటొచ్చే శబ్దం సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుందని లెక్క. అందుకే మంచం తలవైపు ఈ సన్నగోడకి పెట్టొద్దు. దీనికి బీరువానో పుస్తకాల అలమరో ఆనించి, మంచం అటు బయటి గోడవైపు వేసుకోండి. గోడలకి కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే సౌండు రాదని కొన్ని వీడియోల్లో చెప్తుంటారు, దయచేసి నమ్మకండి. గదిలో ప్రతిధ్వని కొంచెం తగ్గుతుందేమో గానీ బయటి శబ్దం ఆగదు. మందపాటి కర్టెన్లదీ దాదాపు అదే కథ.

మే నెలలో గంగమ్మ జాతర వారం మాత్రం మైకులు, డప్పులు వినిపిస్తాయి. అది ఊరి పండగ, అమ్మవారి పండగ. అప్పుడు నిశ్శబ్దం కావాలని నేను అడగను. మిగతా సంవత్సరమంతా ఈ వీధి ప్రశాంతంగానే ఉంటుందని ఎదురింటివాళ్ళు కూడా చెప్పారు.

బెడ్‌రూమ్ కిటికీ ఈ ఇంటికే పెద్ద బలం. ఇటు రండి. వెనకింటి మిద్దె కింద ఉండిపోయింది, దాని మీదుగా శేషాచలం కొండలు కనిపిస్తున్నాయి. మనం దూరం వరకూ చూడొచ్చు, మనల్ని చూసే కిటికీ ఎదురుగా ఒక్కటి కూడా లేదు. తాను కనబడకుండా బయటికి చూడగలిగే చోటు మనిషికి ఇష్టంగా ఉంటుందని జే ఆపిల్టన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1975లోనే రాశారు. ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆయన చెప్పింది నిజమే అనిపిస్తుంది. హాలు కిటికీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది మిద్దె మీదికెళ్ళే మెట్ల వైపు తెరుచుకుంటుంది. బట్టలు ఆరేయడానికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ మన సోఫా కనిపిస్తుంది. కింది సగానికి తెర కట్టుకుంటే వెలుతురు పోకుండా చాటు దొరుకుతుంది.

లైటింగ్ గురించి ఒక్క మాటే. గదికి ఒక్క తెల్ల ట్యూబ్‌లైట్ ఉంది. మంచం పక్కన 2700 కెల్విన్ అని రాసున్న పసుపు బల్బు ఒకటి పెట్టుకోండి, చాలు.

దానికన్నా ముఖ్యమైంది వేడి. మన ఊళ్ళో మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. ఈ పోర్షన్ పైన ఇంకో అంతస్తు లేదు, కాబట్టి స్లాబు వేడి నేరుగా గదిలోకే దిగుతుంది. అద్దె ఇళ్ళల్లో కూలరైనా ఏసీ అయినా హాల్లోనే పెడతారు, దాంతో ఎండాకాలం మొత్తం ఇంటిల్లిపాదీ హాల్లోనే బతుకుతారు. అప్పుడు మన గదికి ఎంత మంచి గడియ ఉన్నా ఏం లాభం? తలుపేస్తే ఉడికిపోతాం, తీస్తే హాలు మన మీదికొస్తుంది. అందుకని బెడ్‌రూమ్‌లో 16 ఆంప్స్ పవర్ ప్లగ్ ఉందో లేదో చూడండి. ఇక్కడ కిటికీ పక్కన ఉంది, చూపిస్తున్నాను చూడండి. ఇది లేకపోతే ఈ ఇంటికి నేను సగం మార్కులు తీసేసేదాన్ని.

ఇప్పుడు ఈ ఇంట్లో నాకు అసలు నచ్చనిది. వసారా గోడ మీద ఈ స్విచ్ చూశారా? ఇది నీళ్ళ మోటార్ స్విచ్. ఇంటి మొత్తానికి ఇదొక్కటే. రోజూ పొద్దున్నే కింది నుంచి ఒకరు పైకొచ్చి వేస్తారు, ట్యాంకు నిండాక మళ్ళీ వచ్చి ఆపుతారు. మన వాకిట్లోకి రోజుకి రెండుసార్లు మనం పిలవని మనిషి వస్తారన్నమాట. వాళ్ళకి వేరే ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ ఇంకా ముఖం కడుక్కోకముందే, మాట్లాడే ఓపిక రాకముందే వాకిట్లో అలికిడి వింటే నాలాంటివాళ్ళకి ఆ రోజు అలసటతోనే మొదలవుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఒక పూటలో స్విచ్ కిందికి మార్చేస్తాడు. అడ్వాన్స్ ఇచ్చేముందే ఇది మాట్లాడుకోండి. ఇచ్చాక అడిగితే వాయిదా పడుతూనే ఉంటుంది.

గడియ సరిచేసి, స్విచ్ మార్చి ఇస్తే పదికి ఎనిమిది ఇస్తాను. ఇప్పుడున్నది ఉన్నట్టుగా అయితే ఆరు.

సొంత గది లేనివాళ్ళు, హాస్టల్లో ముగ్గురు నలుగురు కలిసి ఉండేవాళ్ళు ఏం చెయ్యాలని అడుగుతారు. ఎడ్వర్డ్ హాల్ అనే మానవ శాస్త్రవేత్త 1966లో రాసిన లెక్క ప్రకారం, ఆయన గమనించిన అమెరికావాళ్ళలో దగ్గరివాళ్ళతో కూడా మామూలుగా ఉంచుకునే దూరం దాదాపు నాలుగడుగుల వరకు ఉంటుంది. షేరింగ్ రూముల్లో మంచాల మధ్య అంత చోటు ఎక్కడుంది? కాబట్టి గోడవైపు మంచం అడిగి తీసుకోండి, చుట్టూ తీగకి ఒక దుప్పటి తెరలా కట్టుకోండి. తెర వేసి ఉంటే పలకరించొద్దని రూమ్మేట్లకి ముందే నవ్వుతూ చెప్పేయండి, చాలామంది అర్థం చేసుకుంటారు. ఇంట్లో అయినా అంతే, అమ్మకి ఒకసారి విడమరిచి చెప్పండి. అలిగి తలుపేసుకున్నామని వాళ్ళు అనుకోకూడదు కదా.

ఈ ఇల్లు చూడ్డానికి వెళ్ళాలనుకునేవాళ్ళు పగటిపూట వెళ్ళకండి. సాయంత్రం ఏడు దాటాక వెళ్ళండి. కింద టీవీ, వీధిలో బండ్లు, పక్కింటి కుక్కరు విజిల్, ఏది ఎంత వినబడుతుందో అప్పుడే తెలుస్తుంది. బెడ్‌రూమ్‌లోకెళ్ళి, తలుపేసి, పది నిమిషాలు ఊరికే కూర్చుంటామని ఓనర్ని అడగండి. ఈ ఓనరక్క నన్ను కూర్చోనిచ్చారు. ఏ ఇంట్లోనైనా దానికి ఒప్పుకోకపోతే, అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు తీసుకోవద్దు.