కిటికీ అద్దానికి మాస్కు: ఆ గొలుసు సంగతి

విజయనగరం స్టూడియోల వాళ్లకీ, పల్లెల నుంచి బస్సెక్కి వచ్చిన డిజైనర్లకీ నమస్కారం. వేదిక మీది పెద్దల్ని పేరుపేరునా తలిస్తే నాకిచ్చిన పావుగంట అందులోనే అయిపోతుంది. మన్నించాలి.

గృహప్రవేశం ఆల్బమ్‌లో కొత్తింటి కిటికీలు నల్లగా గోతుల్లా పడతాయి. ఆ అద్దాల్లో ఆకాశమో, గంటస్తంభమో ప్రతిబింబంగా కనబడాలంటారు ఇంటివాళ్లు. మనవాళ్లేం చేస్తారు? ఫొటోషాప్‌లో ఆ ప్రతిబింబం బొమ్మ తెచ్చి ఫొటో మీద పరిచి, ఒపాసిటీ (గాఢత) దించి, చుట్టూ ఎరేజర్ కొట్టేస్తారు. వద్దు బాబూ! ఫైలు మూసేశాక, చెరిపింది మళ్లీ రాదు.

పెన్ టూల్‌తో ఒక్కో అద్దం పలక చుట్టూ పాత్, అంటే హద్దు గీత, గీయండి. కంట్రోల్, ఎంటర్ నొక్కితే సెలక్షన్ వస్తుంది. ఆ సెలక్షన్‌ని గ్రూపుకి, అంటే లేయర్లని (పొరల్ని) కలిపి ఉంచే సంచికి, మాస్కుగా ఇచ్చి, బొమ్మని గ్రూపు లోపల పెట్టండి. మాస్కు అంటే తెలుపున్న చోట బొమ్మని చూపించి, నలుపున్న చోట దాచే ముసుగు. ఫెదర్ (అంచు మెత్తదనం) అర పిక్సెల్, మహా అయితే ఒకటి. ఐదు పెట్టారా, వెలుగు కిటికీ చెక్క మీదకి ఒలికిపోతుంది.

ఎందుకు గ్రూపుకే? లేయరుకి మాస్కు పెట్టి, రెంటినీ కలిపే గొలుసు గుర్తు తియ్యకుండా బొమ్మని జరిపితే మాస్కూ దాంతోపాటే నడిచిపోతుంది. గ్రూపుకి పెడితే లోపలి బొమ్మని జరిపినా మాస్కు కదలదు. ఇక్కడ గొలుసు తీసే అలవాటున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అదిగో, నలుగురు! సగం ఆల్బమ్‌లు పాడయ్యేది అక్కడే.

బ్లెండ్ మోడ్, అంటే బొమ్మ కింది ఫొటోతో కలిసే పద్ధతి, స్క్రీన్ పెట్టండి. చీకటి గది మీద ప్రతిబింబం తేలుతుంది, తెల్ల కర్టెన్ మీద దాదాపు మాయమవుతుంది; నిజం అద్దమూ అంతే. ఎదురుగా చూస్తే మామూలు కిటికీ అద్దం వెనక్కి పంపేది సుమారు 8 శాతం వెలుగే. వాలుగా చూసేకొద్దీ అది పెరుగుతుంది. కాబట్టి గోడని ఏటవాలుగా తీసిన ఫొటోలో, దూరం కిటికీ వైపు తెలుపుకి, దగ్గర వైపు బూడిదకి వచ్చేలా లేయరు మాస్కులో గ్రేడియంట్ లాగండి. మసక చెయ్యాలంటే బొమ్మని చెయ్యండి, మాస్కుని కాదు.

ఇంక ఊచలు. ఊచ అద్దానికి బయట ఉంటే మాస్కులో దాని మీద నలుపు పూయాలి. లోపల ఉంటే ముట్టుకోకండి, ప్రతిబింబం దాని మీదుగానే పోవాలి. రెక్కలన్నీ ఒకే తలంలో ఉండవు. ఒక్కో పలకకి లేయరు కాపీ చేసి, కొంచెం జరిపి పెట్టండి.

అన్నట్టు, బొమ్మని ఫ్లిప్ హారిజాంటల్ (ఎడమ కుడి తారుమారు) చేశారా? అద్దంలో దుకాణం బోర్డు చక్కగా చదవగలిగితే దొరికిపోయినట్టే.

బ్రష్ పట్టే ముందు లేయర్ల పట్టీలో మాస్కు థంబ్‌నెయిల్ (చిన్న నమూనా బొమ్మ) మీద క్లిక్ చెయ్యండి, లేకపోతే నలుపు బొమ్మ మీదే పడుతుంది. బ్యాక్‌స్లాష్ నొక్కితే మాస్కు దాచిన భాగమంతా ఎర్రగా కనిపిస్తుంది. ఊచల దగ్గర ఎరుపు ఎక్కడ తప్పిందో చూసుకోండి. ఆ కర్టెన్లు వెయ్యండి బాబూ, తెర మీద చేసి చూపిస్తాను.