టేకులో విలువంతా చేవదే

అందరికీ నమస్కారం. వడ్రంగం నేర్చుకుంటున్న మీతో ఈ రోజు టేకు గురించి మాట్లాడతాను, ముఖ్యంగా దాని చేవ, అంటే మాను లోపలి ముదురు రంగు చెక్క గురించి.

టేకు గట్టి చెక్క అని అందరూ అంటారు. బలమైనదే, కానీ గట్టిదనంలోనూ బరువులోనూ నల్లమద్ది దాన్ని మించిపోతుంది. బాగా ఆరిన టేకు ఘనమీటరుకు 650 కిలోల చుట్టుపక్కల తూగుతుంది, అంతే. అయినా తలుపులకీ కిటికీలకీ దాన్నే ఎందుకు అడుగుతారంటే, అది మాట వినే చెక్క. గాలిలో తేమ పెరిగినా తగ్గినా పెద్దగా ఉబ్బదు, కుంచించుకుపోదు, మెలి తిరగదు. ఏళ్లు గడిచినా తలుపు పట్టేయకుండా హాయిగా పడుతుంది. చేవలో ఉండే నూనె, రబ్బరు లాంటి పదార్థం నీటిని తొందరగా లోపలికి పోనివ్వవు. అందులోనే ఉండే టెక్టోక్వినోన్ అనే రసాయనం చెదపురుగుకి పడదు.

ఓడలు కట్టేవాళ్లకి టేకు అంటే ప్రాణం. ఓక్ చెక్కలోని ఆమ్లాలు ఇనప మేకుల్ని తినేస్తాయి. టేకులో దిగిన మేకుకి ఆ బాధ తక్కువ. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక, మరమ్మతులు జరిగినా, ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీటి మీదే ఉంది. రెండు వందల ఏళ్లు దాటింది! తలుచుకున్నప్పుడల్లా ఆ చెక్క మీద గౌరవం పెరుగుతుంది నాకు.

అయితే ఈ గుణాలన్నీ చేవవే. బెరడు కింద ఉండే తెల్లటి పొరకి ఈ రక్షణ లేదు, చెద ఇట్టే పట్టేస్తుంది. పలకని కోసిన చివరవైపు తిప్పి చూడండి. బంగారు గోధుమరంగు ఎంత మేర ఉందో, అంచున తెలుపు ఎంత ఉందో అక్కడ తెలిసిపోతుంది. రంగు పూసేశాక ఇక కనపడదు. లేత చెట్టులో తెల్ల భాగమే ఎక్కువ. అలాగని తోటల్లో పెంచిన టేకుని కొట్టిపారేయక్కర్లేదు, తగిన వయసు వచ్చాక నరికారా లేదా అన్నదే చూడాలి.

ఇక పనిలోకి వద్దాం. చిత్రిక పడుతుంటే పొట్టు జిడ్డుగా చేతికి తగులుతుంది, పాత తోలు వాసన వస్తుంది. సులువుగా తెగుతోంది కదా అని మోసపోకండి. ఇసుకలో ఉండే సిలికా ఇందులోనూ ఉంటుంది, బ్లేడు పదును తొందరగా పోతుంది. మిషన్ రంపానికి కార్బైడ్ పళ్లు ఉంటే మేలు. పొడి కొందరికి దురద పుట్టిస్తుంది, మాస్క్ తప్పనిసరి. జిగురు సరిగ్గా పట్టకపోవడం ఇంకో టెన్షన్, దానికీ ఆ జిడ్డే కారణం. అతికించే ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు రాయండి. రేపు చూద్దాంలే అనుకుంటే ఈలోపు లోపలి నూనె మళ్లీ పైకి వచ్చేస్తుంది.