కార్డియో గ్లైడర్ ఎక్కే ముందు: తిరుపతి, చిత్తూరు శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ ఇంట్లో చేసుకునే వ్యాయామం గురించి, ముఖ్యంగా కార్డియో గ్లైడర్ అనే మెషిన్ గురించి మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి తిరుపతిలోనే పనిచేస్తున్న ఫిజియోథెరపిస్ట్ స్టూడియోకి వచ్చారు. మేడమ్, నమస్తే. ఈ మెషిన్ చూడనివాళ్ల కోసం ముందు రెండు మాటలు చెప్పండి.

ఫిజియోథెరపిస్ట్: నమస్తే అండి. గ్లైడర్ అనే పేరుతో రెండు మూడు రకాలు దొరుకుతున్నాయి. ఒక రకంలో నిలబడి కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపుతాం. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది కూర్చుని చేసే రకం గురించి. సీటు మీద కూర్చుని, పాదాలు పెడల్స్ మీద ఆనించి, హ్యాండిల్‌ని ఛాతీ వైపు లాగుతూ కాళ్లతో నెట్టాలి. సీటు మనతోపాటే పైకి లేస్తుంది. మెల్లగా వదిలితే కిందికి దిగుతుంది. కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నట్టు ఉంటుంది. అందులో మనం ఎత్తే బరువు మన ఒళ్లే.

వ్యాఖ్యాత: దీన్ని లో ఇంపాక్ట్ అంటున్నారు కదా?

ఫిజియోథెరపిస్ట్: అవును. పరుగెత్తేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడింతల తాకిడి కాలి మీద పడుతుంది. గ్లైడర్‌లో పాదం పెడల్‌ని వదలదు, కాబట్టి ఆ దెబ్బ ఉండదు. అయితే లో ఇంపాక్ట్ అనగానే చాలామంది తేలిక వ్యాయామం అనుకుంటున్నారు. నాకు భయం అక్కడే. తేలిక కీళ్లకు మాత్రమే. గుండె, ఊపిరితిత్తులు మెట్లెక్కేటప్పుడు ఎలా పనిచేస్తాయో ఇక్కడా అలాగే పనిచేస్తాయి. మోకాలు నొప్పి లేదు కదా అని మొదటి రోజే అరగంట లాగేసి, కళ్లు తిరిగి పడబోయినవాళ్లను చూశాను.

వ్యాఖ్యాత: మొదటి కాల్ తీసుకుందాం. హలో, ఎక్కడి నుంచి?

శ్రోత: నమస్తే మేడమ్, బైరాగిపట్టెడ నుంచి. నాకు 57 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయని ఎక్స్‌రే తీసి చెప్పారు. ఒకప్పుడు నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కేదాన్ని. పోయినసారి మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చుంటే మళ్లీ లేవలేకపోయాను. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఈ మెషిన్ పంపించాడు. అసలే అరిగిన మోకాళ్లు, దీంతో ఇంకా అరిగిపోవా?

ఫిజియోథెరపిస్ట్: అరగవమ్మా. మోకాలి గుజ్జుకు రక్తనాళాలు ఉండవు. కీలు కదిలినప్పుడు అందులోని ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది, గుజ్జుకు ఆహారం అందేది దాన్నుంచే. కదలకుండా కూర్చుంటే తొడ కండరం సన్నబడుతుంది. అప్పుడు కండరం మోయాల్సిన బరువు కూడా కీలు మీదే పడుతుంది. అందుకే అరుగుదల ఉన్నవాళ్లకు వ్యాయామమే మొదటి మందు అని చెబుతాం. మీకు బీపీ గానీ, ఛాతీలో నొప్పి గానీ, నడిస్తే ఆయాసం గానీ ఉన్నాయా?

శ్రోత: బీపీకి మాత్ర వేసుకుంటాను. మొన్న చూపిస్తే 130, 80 ఉంది. నొప్పి, ఆయాసం ఏమీ లేవు.

ఫిజియోథెరపిస్ట్: మెషిన్ ఎక్కడ పెట్టుకున్నారు? పక్కన ఎవరైనా ఉన్నారా?

శ్రోత: హాల్లోనే ఉంది. మా ఆయన ఇక్కడే ఉన్నారు.

ఫిజియోథెరపిస్ట్: అయితే ఫోన్ స్పీకర్‌లో పెట్టి, రేడియో సౌండ్ తగ్గించి మెషిన్ దగ్గరికి వెళ్లండి. ఎక్కేటప్పుడు సీటు కదులుతుంది, కాబట్టి మీ ఆయన్ని హ్యాండిల్ గట్టిగా పట్టుకోమనండి. సిలిండర్ మీద బిగువు మార్చే నాబ్ ఉంటుంది, దాన్ని అన్నిటికంటే తక్కువ నంబరుకు తిప్పమనండి. చెప్పులు వద్దు, బూట్లుంటే వేసుకోండి.

శ్రోత: (కొంతసేపటికి) కూర్చున్నాను మేడమ్.

ఫిజియోథెరపిస్ట్: వీపు నిటారుగా పెట్టండి. మోకాళ్లు లోపలికి వాలకుండా కాలి వేళ్ల వైపే చూస్తుండాలి. పూర్తిగా కిందికి దిగొద్దు, సగం దాకా చాలు. పైకి లేచినప్పుడు మోకాళ్లు బిర్రబిగించొద్దు, కొంచెం వంపు ఉంచండి. చేతులతో గుంజడం కాదు, ఎక్కువ పని కాళ్లు చేయాలి. ఇప్పుడు ఒక పదిసార్లు చేయండి.

(మెషిన్ కిర్రుమంటున్న శబ్దం.)

ఫిజియోథెరపిస్ట్: ఆగండమ్మా. నాకు మెషిన్ శబ్దమే వినిపిస్తోంది, మీ ఊపిరి వినిపించట్లేదు. లాగేటప్పుడు ఊపిరి బిగపడుతున్నారు. బీపీ ఉన్నవాళ్లు ఆ పని అస్సలు చేయకూడదు. బిగపట్టిన ఆ కాసేపట్లోనే బీపీ పైకి లేస్తుంది. కొండెక్కేటప్పుడు ఏమంటారు?

శ్రోత: గోవిందా అంటాం.

ఫిజియోథెరపిస్ట్: ఇక్కడా అనండి. లాగి పైకి లేచేటప్పుడు గోవిందా అంటే ఊపిరి దానంతట అదే బయటికి వస్తుంది. దిగేటప్పుడు పీల్చుకోండి.

శ్రోత: గోవిందా... గోవిందా... గోవిందా...

ఫిజియోథెరపిస్ట్: బాగుంది. ఆపకుండా చేస్తూనే చెప్పండి, పొద్దున ఏం వండారు?

శ్రోత: ఉప్మా చేశాను... పల్లీల చట్నీ... మా ఆయనకు కారం తక్కువ వేసి...

ఫిజియోథెరపిస్ట్: చాలు, ఆపండి. శ్రోతలు విన్నారు కదా, ఇదే సరైన మోతాదు. మాట్లాడగలగాలి, కానీ రాగం తీసి పాడేంత సులువుగా ఉండకూడదు. రెండు మాటలకే ఆయాసం వచ్చి ఆగిపోతే ఎక్కువ చేస్తున్నట్టు. దీనికి ఏ వాచీ అక్కర్లేదు. అమ్మా, మొదటి వారం 5 నిమిషాలే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ వెళ్లండి. ముందు నిమిషాలు పెంచాలి, నాబ్ జోలికి తర్వాత వెళ్లాలి.

శ్రోత: నొప్పి వస్తే ఆపేయాలా?

ఫిజియోథెరపిస్ట్: పదికి నొప్పి ఎంత ఉందో మనసులో మార్కులు వేసుకోండి. మూడు లోపు ఉండి, మర్నాటికి మామూలైపోతే కొనసాగించొచ్చు. తొడల్లో లాగినట్టు ఉండే నొప్పి మంచిదే. మర్నాడు పొద్దున మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, ముందురోజు కంటే ఎక్కువ కుంటుతున్నా మోతాదు మించిందని అర్థం. అప్పుడు ఒకరోజు ఆగి, సగం చేయండి.

శ్రోత: మరి మళ్లీ కొండెక్కగలనా మేడమ్?

ఫిజియోథెరపిస్ట్: మీకు ఉట్టి మాటలు చెప్పనమ్మా. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. గ్లైడర్ వల్ల దమ్ము పెరుగుతుంది, తొడలు గట్టిపడతాయి. కానీ మెట్టు మీద ఒంటికాలిపై నిలదొక్కుకోవడం ఈ మెషిన్ నేర్పదు, కూర్చుని చేస్తాం కదా. అందుకే రెండు నెలలు ఇది చేశాక, ఇంట్లో ఒక మెట్టు ఎక్కి దిగడం మొదలుపెట్టండి, గోడ పట్టుకుని. ఎక్కడం కంటే దిగడం కష్టం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. బరువు తగ్గడమూ ముఖ్యమే. ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుంది. మూడు నాలుగు నెలలయ్యాక నా దగ్గరికైనా, ఇంకో ఫిజియోథెరపిస్ట్ దగ్గరికైనా వచ్చి చూపించుకోండి. కొండ దారిలోని గాలిగోపురం దాకా ఎక్కే సంగతి అప్పుడు మాట్లాడదాం. ఆ తొందరలో ఇప్పుడే మొక్కుకోవద్దు.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా, జాగ్రత్తగా దిగండి. తర్వాతి కాల్, చిత్తూరు నుంచి.

శ్రోత: నమస్తే. చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి సార్. నాకు 49. ఐదేళ్లుగా సుగర్ ఉంది. నెల నుంచి గ్లైడర్ చేస్తున్నాను. రెండుసార్లు మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు మసకబారాయి. ఎక్సర్‌సైజ్ అంటే చెమట పడుతుంది కదా అని వదిలేశాను. మా ఆవిడ ఫోన్ చేయమంది.

ఫిజియోథెరపిస్ట్: ఆవిడ మంచి పని చేశారు. పొద్దున మీ క్రమం చెప్పండి. లేస్తారు, తర్వాత?

శ్రోత: 6 గంటలకు మాత్ర వేసుకుంటాను. పావుగంటలో మెషిన్ ఎక్కుతాను, 40 నిమిషాలు చేస్తాను. తర్వాత స్నానం, పూజ. టిఫిన్ ఎనిమిదిన్నరకు.

ఫిజియోథెరపిస్ట్: మాత్ర పేరేంటి?

శ్రోత: స్ట్రిప్ మీద గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ అని రెండూ ఉన్నాయి.

ఫిజియోథెరపిస్ట్: అదే కారణం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే సుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు, అది క్లోమం నుంచి ఇన్సులిన్‌ని బయటికి పంపిస్తుంది. కడుపులో తిండి లేదు, పైగా 40 నిమిషాలు పెద్ద కండరాలన్నీ రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటున్నాయి. మీకు పట్టింది వ్యాయామం చెమట కాదు, సుగర్ పడిపోయినప్పుడు పట్టే చెమట. చేతులు వణకడం, మసకబారడం దాని గుర్తులే. ఆ మాత్ర తిండితో వేసుకోవాల్సింది. రేపటి నుంచి ఖాళీ కడుపుతో మెషిన్ ఎక్కొద్దు. టిఫిన్ తిన్న గంటకో, సాయంత్రమో చేయండి. మాత్ర మోతాదు మార్చాలా వద్దా అనేది మీ డాక్టరు చెప్పాలి. ఈ రెండుసార్లు జరిగింది ఆయనకు తప్పకుండా చెప్పండి.

శ్రోత: ఇంట్లో సుగర్ మెషిన్ ఉంది.

ఫిజియోథెరపిస్ట్: అయితే ఎక్కే ముందు ఒకసారి చూసుకోండి. 90 కంటే తక్కువుంటే ఒక అరటిపండు తిని, కాసేపాగి మొదలుపెట్టండి. మధ్యలో వణుకు వస్తే వెంటనే ఆపేసి చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు టీ స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. చూసే వీలు లేకపోయినా చక్కెర మాత్రం ఆలస్యం చేయొద్దు. మెషిన్ పక్కనే ఒక చిన్న డబ్బాలో పెట్టుకోండి. ఇంకోటి, అరికాళ్లలో తిమ్మిరి ఉందా?

శ్రోత: కొంచెం ఉంది.

ఫిజియోథెరపిస్ట్: అయితే వట్టి కాళ్లతో పెడల్ మీద నెట్టొద్దు. పుండు పడినా మీకు తెలియదు. సాక్సులు, బూట్లు వేసుకోండి. అయ్యాక పాదాల కింద చూసుకోండి, లేదా మీ ఆవిడను చూడమనండి.

వ్యాఖ్యాత: తర్వాత తిరుచానూరు నుంచి ఒక సోదరుడు. చెప్పండి.

శ్రోత: సెకండ్ హ్యాండ్‌లో కొన్నానన్నా. 32 ఏళ్లు నాకు. పొట్ట తగ్గాలి. స్క్రీన్ మీద రోజూ 400 కేలరీలు అని చూపిస్తోంది, నెలైనా తగ్గలేదు. నడుము కూడా పట్టేస్తోంది.

ఫిజియోథెరపిస్ట్: ఆ అంకెను నమ్మి తిండి లెక్క వేసుకోకండి. చాలా మెషిన్లు మీ బరువు, వయసు అడగకుండానే ఆ అంకె చూపిస్తాయి. ఒక్క పొట్టే తగ్గించే వ్యాయామమంటూ ఏదీ లేదు, తగ్గితే ఒళ్లంతా తగ్గుతుంది, అదీ తిండితో కలిసే. వారానికి కనీసం 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కోసారి 10 నిమిషాలైనా చేస్తేనే లెక్క అనే పాత నియమాన్ని 2020లో తీసేశారు కాబట్టి, దొరికిన ఐదు నిమిషాలనూ కలుపుకోవచ్చు. నడుము పట్టేస్తోందంటే దిగేటప్పుడు వీపు గూనిలా వంచుతున్నారేమో చూడండి. దిగేటప్పుడు తుంటి దగ్గర వంగాలి, నడుము దగ్గర కాదు. నొప్పి కాళ్లలోకి పాకితే మాత్రం ఆపి చూపించుకోండి.

శ్రోత: మెషిన్‌కి ఏమైనా చూసుకోవాలా?

ఫిజియోథెరపిస్ట్: పాతది కదా, నట్లు, బోల్టులు అన్నీ వారానికోసారి బిగించండి. ఎంత బరువు దాకా మోస్తుందో స్టిక్కర్ మీద ఉంటుంది. ఎక్కువసేపు చేస్తే సిలిండర్ కాలుతుంది, ముట్టుకోవద్దు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా?

శ్రోత: మా పాపకు మూడేళ్లు.

ఫిజియోథెరపిస్ట్: మీరు చేస్తున్నంతసేపూ పాప ఆ గదిలోకి రాకూడదు. సీటు కింద రాడ్లు కలిసే చోట పిల్లల వేళ్లు నలిగిపోతాయి. మిగతా సమయంలో సీటుకు తాడు కట్టి, కదలకుండా ఉంచండి. ఇది మాత్రం ఇవాళే చేయండి.

వ్యాఖ్యాత: చివరి కాల్. కొర్లగుంట నుంచి.

శ్రోత: మేడమ్, మా నాన్నకు 64 ఏళ్లు. ఐదు వారాల కిందట స్టెంట్ వేశారు. ఇంట్లో నా గ్లైడర్ ఉంది. నేను లేనప్పుడు చేస్తున్నారు. పల్స్ 95 దాటట్లేదు, కాబట్టి నాకేం కాదు అంటారు. 220 లోంచి వయసు తీసేస్తే 156 వస్తుందట, దానికి చాలా దూరంలో ఉన్నానంటున్నారు.

ఫిజియోథెరపిస్ట్: నాన్నగారు పక్కనే ఉంటే ఫోన్ ఇవ్వండమ్మా.

శ్రోత తండ్రి: చెప్పమ్మా.

ఫిజియోథెరపిస్ట్: నమస్తే అయ్యా. గుండె వేగం తగ్గించే మాత్ర ఏమైనా ఇచ్చారా? మెటోప్రొలాల్ లాంటిది?

శ్రోత తండ్రి: అదే, పొద్దున ఒకటి.

ఫిజియోథెరపిస్ట్: ఆ మాత్ర వేసుకుంటే మీరు ఎంత కష్టపడినా పల్స్ మామూలుగా పెరగాల్సినంత పెరగనివ్వదు. కాబట్టి 220 లెక్క మీకు పనికిరాదయ్యా. గుండె అలసిపోతున్నా స్క్రీన్ 95 దగ్గరే చూపిస్తుంది. పైగా ఈ మెషిన్‌లో చేతులతో లాగుతాం, తెలియకుండానే ఊపిరి బిగపడతాం. స్టెంట్ తర్వాత వ్యాయామం చేయాలి, తప్పకుండా చేయాలి. కానీ ఎంత చేయాలన్నది మీ గుండె డాక్టరు చూసి చెప్పాలి. అవసరమైతే టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెను చూసే పరీక్ష, చేసి చెబుతారు. మెషిన్ చేసేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఎప్పుడైనా అనిపించిందా?

శ్రోత తండ్రి: లేదమ్మా. ఒకరోజు దవడ లాగింది, పంటి నొప్పి అనుకున్నాను.

ఫిజియోథెరపిస్ట్: అది పన్ను కాకపోవచ్చు. గుండె నొప్పి దవడలో, భుజంలో, ఎడమ చేతిలో కూడా తెలుస్తుంది. శ్రమ పడినప్పుడు వచ్చి, ఆగగానే తగ్గిందా?

శ్రోత తండ్రి: అవును, కూర్చుంటే తగ్గింది.

ఫిజియోథెరపిస్ట్: అయ్యా, ఈ ఫోన్ పెట్టగానే మీకు స్టెంట్ వేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి, ఈ మాట ఇలాగే చెప్పండి. ఇవాళే వెళ్లండి, రేపటి దాకా ఆగొద్దు. మళ్లీ అలా వచ్చి, ఐదు నిమిషాలు కూర్చున్నా తగ్గకపోతే, చల్లటి చెమట పట్టినా, వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్కూటర్ మీద బయలుదేరొద్దు. మెషిన్ ఆ గదిలోంచి తీసేయమని అమ్మాయికి చెప్పండి.

శ్రోత తండ్రి: సరేనమ్మా. పొద్దున పార్కులో కాసేపు నడుస్తాను, అది కూడా మానేయాలా?

ఫిజియోథెరపిస్ట్: డాక్టరు చూసేదాకా మానండి. ఆసుపత్రికి అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, మాత్రల స్ట్రిప్పులన్నీ చేతిలో పెట్టుకుని వెళ్లండి.

శ్రోత తండ్రి: డిశ్చార్జి కాగితాలు కూడానా?

ఫిజియోథెరపిస్ట్: అవి కూడా. ఇప్పుడే బయలుదేరండి అయ్యా.