ఆరో సీటు

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పినదాంట్లో సగం తగ్గించుకోండి. అమెరికాలోని హవాయి దీవుల్లో, హోనోలూలూలో హోటల్ లెక్కలు చూసుకునే మనిషిని. కార్డులో 'అమెరికాలో ఉపాధి' అని వేశారు. దానికి వస్తాను. ముందు ఒక పడవ గురించి చెప్పనివ్వండి.

నేను భీమిలి తెప్పలు చూస్తూ పెరిగినవాణ్ణే. కానీ హవాయి పడవ వేరు. వఆ అంటారు. నలభై అడుగులు పైన పొడవు, ఒక్క మనిషి పట్టేంత వెడల్పు. ఎడమవైపు రెండు వంపు కర్రలు, వాటి చివర నీళ్లమీద తేలే దుంగ. ఆ దుంగ పేరు అమా. ఆరుగురు కూర్చుంటారు. ముందువాడు వేగం పట్టిస్తాడు, ఆరో సీటువాడు దారి పట్టిస్తాడు.

పడవ నడపడం నేర్చుకోవడానికి నేను చేరిన మొదటి వారమే, ఏదో అల వస్తే భయపడి కుడివైపు ఒరిగాను. అమా గాల్లోకి లేచింది, అంతే, ఆరుగురం నీళ్లలో! దాన్ని హులీ అంటారు. మా ఆరో సీటు పెద్దాయన తిట్టలేదు. ముందు తలలు లెక్కపెట్టాడు. పడవ తిప్పాక కోసిన బ్లీచ్ డబ్బా నా చేతికిచ్చి, "నీళ్లు తోడు" అన్నాడు. అరగంట తోడాను. అక్కడ పెద్దవాళ్లందరూ అంకుల్, ఆంటీలే. మన బాబాయ్, పిన్ని లాగే. ఈ అంకుల్ పొద్దున బస్సు నడిపేవాడు, రాత్రి హోటల్లో సామాను మోసేవాడు. మధ్యలో సాయంత్రం ఐదింటికి మాకు సముద్రం నేర్పేవాడు. జీతం లేదు.

ఇదిగో, మీరడిగిన ఉపాధి. డ్యూక్ కహనమోకు పేరు విన్నారా? 1912 ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచాడు. హోనోలూలూలోని వైకీకీ తీరం కుర్రాడు. అంతటివాడు కూడా బతుకుతెరువుకు పెట్రోల్ బంకు నడిపాడు. ఆ తీరం కుర్రాళ్లు టూరిస్టులను పడవెక్కించి, అలలమీద తిప్పి నాలుగు డబ్బులు సంపాదించేవారు. ఇప్పటికీ అంతే. ఫొటోలో పడవ అందంగానే ఉంటుంది. తోసేవాడి ఇంటి అద్దె ఫొటోలో పడదు కదా! దీవులు కదా, తిండిలో చాలాభాగం బయటినుంచి ఓడల్లో రావాలి, అందుకే ధరలు మండుతుంటాయి.

2020 జనాభా లెక్కల్లో హవాయి మూలవాసుల్లో సగం కంటే ఎక్కువమంది హవాయిలో లేరు. బయట ఉన్నారు. ఆ మాట చదివిన రోజు నాకు భోజనం సయించలేదు. అక్కడికి ఉద్యోగానికి వెళ్లినవాణ్ణి నేనున్నాను, పుట్టినవాడు లేడు. మీరు చెప్పండి, ఇదేం లెక్క?

ఆగండి, గంట కొట్టకండి, అయిపోవచ్చింది. మొలొకాయి దీవి నుంచి హోనోలూలూ ఉన్న ఓహూ దీవి దాకా ఏటా ఈ పడవల పందెం జరుగుతుంది. మొలొకాయి హోయే అంటారు. 1952లో మూడు పడవలతో మొదలైంది. దాదాపు 65 కిలోమీటర్ల సముద్రం. మా అంకుల్ ఎన్నిసార్లు దాటాడో ఆయనకే గుర్తులేదు. ఆయన కూడా అద్దె కట్టలేక లాస్ వేగాస్ వెళ్లిపోయాడు. ఎడారి! అక్కడ హవాయివాళ్లు ఎంతమంది ఉన్నారంటే, హవాయి ఎనిమిది పెద్ద దీవుల తర్వాత ఆ ఊరిని తొమ్మిదో దీవి అంటారు.

పోతూ తన తెడ్డు నాకిచ్చాడు. తెచ్చాను, ఇదిగో. ముందు వరుస పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పట్టుకుని చూడండి. చూశాక నేలమీద పెట్టకండమ్మా, గోడకు ఆనించండి.